నారు దేంట్లో పోసుకోవాలి? గుడ్డు డొల్లా, పేపర్ కప్పా, ట్రేనా, కొబ్బరి చిప్పా

పోయినేడు రథసప్తమి వెళ్ళిన మర్నాడు నేను పద్నాలుగు గుడ్డు డొల్లల్లో టమాటా విత్తనాలు పెట్టేను. వీడియోల్లో ఎంత ముద్దుగా ఉంటాయో చూసే ఉంటారు, తెల్లటి డొల్లలోంచి పచ్చటి మొలక, డొల్ల మీద స్కెచ్ పెన్నుతో కళ్ళూ ముక్కూ. వారం తిరిగేసరికి దాదాపు అన్నీ మొలిచేయి కూడా, ఫొటోలు తీసి మా అక్కకీ ఆడపడుచుకీ పంపించి, ఆఖరికి పాలబ్బాయిని కూడా మేడెక్కించి చూపించేను. మా అత్తగారు మాత్రం ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "ఓలమ్మ, ఇందులో ఏటి ఎదుగుతాదే, కాళ్ళు జాపుకోడానికి జాగేదీ దానికి" అనీసి దింపీసేరు. నాకు కోపం వచ్చింది గానీ 18వ రోజుకల్లా మొక్కలు పసుపెక్కిపోయేయి. ఒక డొల్ల పగలగొట్టి చూస్తే లోపల మట్టే కనపడట్లేదు, తెల్లటి వేళ్ళు నూలు ఉండలా గుండ్రంగా చుట్టేసుకుని, అడుగున ఒక వేరైతే బయటికి దారి దొరక్క మళ్ళీ పైకి తిరిగిపోయింది. పెద్దావిడ చేత్తో పట్టుకునే చెప్పీసిన ముక్క నాకు తెలుసుకోడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

అప్పట్నుంచి ఇంట్లో దొరికినవీ, కొన్నవీ, పక్కవాళ్ళని అడిగి తెచ్చుకున్నవీ కలిపి ఓ పది రకాలు చూసేను. మేం ఉండేది శ్రీకాకుళం టౌన్లో అద్దింటి పై వాటా, ముందు చిన్న మేడ, దాని మీద మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండ తిన్నగా కొట్టేస్తుంది. నేనూ మా ఆయనా ఉద్యోగాలకి పోతే అత్తగారు మోకాళ్ళ నొప్పులతో మేడెక్కలేరు. కాబట్టి నేను చెప్పేదంతా ఇలాంటి ఇల్లున్నవాళ్ళ లెక్క. ఊళ్ళో పెరడూ, నుయ్యీ, చెట్టు నీడా ఉన్నవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు, ఓ మూల మడి కట్టి నారు పోసుకుంటే చాలు, అంతకంటే మంచిది ఏ దుకాణంలోనూ దొరకదు.

సరే విషయానికొస్తే. అందరూ ప్లాస్టిక్కా, మట్టా, కాగితమా అన్న దగ్గర మొదలెడతారు. నా ఉద్దేశంలో అది ఆఖర్న చూసుకోవాల్సింది. ముందు చూడాల్సినవి రెండు, ఆ మొక్క అందులో ఎన్ని రోజులు ఉండాలి, ఆ రోజుల్లో దానికి నీళ్ళు ఎవరు పోస్తారు.

రోజులంటే, టమాటా నారు 25 నుంచి 30 రోజులకి నాటుకోవచ్చు. వంగ 30, 35 పడుతుంది. మిరప బద్ధకం మనిషి, మొలవడానికే వారం పది రోజులు తీసుకుని, నాటడానికి 40, 45 రోజులు కూర్చోబెడుతుంది. ఆనప (సొర), బీర, కాకర, పొట్ల, గుమ్మడి లాంటి పాదులు దీనికి పూర్తిగా రివర్సు, 12 నుంచి 15 రోజులకల్లా రెండు మూడు ఆకులేసి రెడీ అయిపోతాయి, కానీ వేరు కదిలితే మాత్రం అలిగి కూర్చుంటాయి. అంటే మిరపకి కావల్సింది నలభై రోజులు తట్టుకునే ఇల్లు, ఆనపకి కావల్సింది పదిహేను రోజుల తర్వాత వేరు కదలకుండా విప్పుకోడానికి వీలయ్యే ఇల్లు. ఈ రెండిటికీ ఒకే డబ్బా కొందామనుకుంటేనే తంటా. ముల్లంగి, కేరట్‌కి అసలు ఏ డబ్బా వద్దు, బెండ, చిక్కుడు, కొత్తిమీర, తోటకూర కూడా తిన్నగా కుండీలో జల్లీడమే.

నీళ్ళ సంగతి కూడా అంతే. డబ్బా ఎంత చిన్నదైతే అంత తొందరగా ఎండిపోతుంది, ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే లోతు తక్కువున్న డబ్బా అడుగున ఎప్పుడూ తడిగానే ఉండిపోతుంది. నమ్మకపోతే గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి, బాగా తడిపి అరచేతి మీద పడుకోబెట్టండి, నీళ్ళు కారడం ఆగేదాకా చూడండి. ఆగేక దాన్ని అలాగే నిలువుగా లేపి పట్టుకోండి. మళ్ళీ కారతాయి. స్పాంజి అదే, పిండలేదు కూడా, ఎత్తు మారింది అంతే. మట్టి కూడా అలాగే, అడుగున కొంత మందాన నీళ్ళు పట్టుకుని వదలదు. పొడుగు డబ్బాలో ఆ తడి పొర పైన బోలెడు జాగా ఉంటుంది వేరుకి ఊపిరాడ్డానికి, పొట్టి డబ్బాలో ఆ తడి పొరే సగం డబ్బా. అందుకే వెడల్పాటి పొట్టి డబ్బాల్లో వానాకాలం నారు కుళ్ళిపోతుంది, మొలక మొదట్లో నల్లబడి దారంలా సన్నగా అయిపోయి పక్కకి వాలిపోతుంది చూడండి, నారుకుళ్ళు అంటారు, అదే. అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు దిగిపోతాయని చెప్తారు గానీ వేస్తే ఆ తడి పొర రాళ్ళ పైకి జరుగుతుంది తప్ప పోదు, ఉన్న కాస్త లోతూ తగ్గిపోతుంది. కన్నాలు పెట్టండి, రాళ్ళు వద్దు.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

ప్రోట్రే. నర్సరీల్లో నల్లటి ట్రేలు చూస్తారు కదా, అవి. మామూలుగా దొరికేది 98 గుంతలది, ఇటు ఏడు అటు పద్నాలుగు. టమాటా, వంగ, మిరప, కేబేజీ, బంతి నారు పెంచేవాళ్ళంతా దీంట్లోనే పెంచుతారు. పాదులకైతే 50 గుంతలది ఉంటుంది, గుంత కాస్త పెద్దది. విత్తనానికో గుంత కాబట్టి పీకేటప్పుడు పక్కదాని వేరు తెగదు, అడుగు నుంచి వేలితో చిన్నగా నొక్కితే మొక్క వేళ్ళతో సహా ఇడ్లీలా ఊడొస్తుంది, ఆ సుఖం ఇంక దేంట్లోనూ లేదు.

కానీ ఇంటికి తెచ్చుకునే ముందు ఆలోచించండి. గుంతలో పట్టేది మహా అయితే రెండు పెద్ద స్పూన్ల కొబ్బరి పొట్టు, అదే కోకోపీట్ అని అమ్ముతారు. నర్సరీల్లో పైన షేడ్ నెట్ ఉంటుంది, రోజ్‌కేన్‌తో రోజుకి రెండు మూడు సార్లు నీళ్ళు కొట్టే మనిషి ఉంటాడు. మన మేడ మీద ఆ మనిషి ఎవరు? నేను పోయిన ఏప్రిల్లో ఒక శుక్రవారం పొద్దున్న నీళ్ళు పోసి నరసన్నపేట పెళ్ళికి వెళ్ళి రాత్రికి వచ్చేను, ఒక్కటంటే ఒక్క పూట. నా 98 గుంతల్లో బతికినవి ట్రే మధ్యలో ఉన్న ఇరవై ముప్పై, అంచుల్లో ఉన్నవన్నీ వేయించిన కరివేపాకు. అంచు గుంతలే ముందు ఎండిపోతాయని ఆరోజు తెలిసింది నాకు. అప్పట్నుంచి ఏం చేస్తున్నానంటే, ట్రేని కత్తెరతో ముక్కలు కోసేసేను, ఏడు గుంతల వరసలు నాలుగు ఒక ముక్క, 28 గుంతలు. ఇంటికి అంతకంటే ఏం చేసుకుంటాం, 98 టమాటా మొక్కలు పెట్టడానికి మనకి పొలం ఉందా ఏంటి. ఆ ముక్క పాత స్టీలు బేసిన్లో పెట్టి కింద అర అంగుళం నీళ్ళు పోస్తే అరగంటలో అడుగు నుంచి పీల్చుకుంటుంది, మిగిలిన నీళ్ళు పారబోసీడమే, నిలవ ఉంచితే మళ్ళీ కుళ్ళు.

ఇంకో మాట, ట్రేని నేల మీద పెట్టకండి. రెండు ఇటికల మీద ఎత్తి పెడితే అడుగు కన్నం దగ్గర వేరుకి గాలి తగిలి అక్కడే ఆగిపోయి పక్క వేళ్ళు వేసుకుంటుంది. నేల మీదుంటే కన్నంలోంచి బయటికొచ్చి గచ్చుకి అంటుకుపోయి, ఎత్తినప్పుడు పుటుక్కున తెగుతుంది. కొనేటప్పుడు వేలితో నొక్కి చూడండి, మరీ పల్చటివి రెండో బేచ్‌కే చిరుగుతాయి, మందంవి అయితే కడిగి నాలుగైదు సీజన్లు వాడుకోవచ్చు.

పేపర్ టీ కప్పులు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు బంద్ అయ్యేక ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఇవే కదా, మా ఇంట్లో పూజ అయ్యేక ఓ యాభై మిగిలిపోతే వాడేను. టమాటాకి బాగానే ఉన్నాయి, గుంత ట్రే కంటే మట్టి ఎక్కువ పడుతుంది, మధ్యాహ్నం ఒక పూట మర్చిపోయినా చావదు. చిన్న టీ కప్పు వద్దు, జ్యూస్ ఇచ్చే పెద్ద కప్పు తీసుకోండి. అడుగున అగరొత్తి కాల్చి నాలుగు కన్నాలు, పక్కన అడుగుకి దగ్గర్లో ఇంకో రెండు. మూడు వారాలకి అతుకు దగ్గర మెత్తబడి ఊడిపోవడం మొదలవుతుంది, కాబట్టి మిరపకి పనికిరావు.

వీటి గురించి ఒక అబద్ధం తిరుగుతుంది, కాగితమే కదా కప్పుతో సహా నాటీయొచ్చు అని. నేనూ అలాగే నాటేను ఒక వంగ మొక్కని. అది ఎదగలేదు, కాయలు కాసింది గానీ మూడో నాలుగో. అయిదు నెలలకి విసుగొచ్చి పీకితే, కాగితమంతా మట్టిలో కలిసిపోయింది గానీ కప్పు ఆకారంలో పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి అలాగే నిలబడి ఉంది, వేళ్ళన్నీ దాని లోపలే తిరుగుతున్నాయి, ఏవో ఒకట్రెండు కన్నాల్లోంచి మాత్రం తప్పించుకున్నాయి. టీ కారిపోకుండా కప్పు లోపల ఆ పొర వేస్తారు, అది మట్టిలో కరగదు. నాటేముందు కప్పు చింపి తీసీండి.

న్యూస్ పేపర్‌తో గ్లాసుకి చుట్టి చేసుకునే కప్పులైతే నిజంగానే కలిసిపోతాయి, పొర ఏమీ ఉండదు. కాకపోతే ఓపిక కావాలి, వానాకాలం తడికి బూజు పడతాయి, పట్టుకుంటే చేతిలోనే విడిపోతాయి. నాటేటప్పుడు కాగితం అంచు మట్టి పైన కనపడకుండా చింపీండి, పైకి ఉన్న కాగితం దీపం వత్తిలా లోపలి తడంతా లాగి గాలికి ఆరబెట్టీస్తుంది. ఆన్‌లైన్లో అమ్మే పీట్ (కుళ్ళిన నాచు) కప్పులూ కొబ్బరి పీచు కప్పులూ కూడా ఇదే తీరు. పైగా కొబ్బరి దేశంలో ఉండి పీచు కప్పు కొరియర్లో తెప్పించుకోడం నాకెందుకో నామోషీగా ఉంటుంది.

పాల పేకెట్లు. నా ఓటు దీనికే, కనీసం పాదులకి. అర లీటరు పేకెట్ పైన అడ్డంగా కోసి, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, కడక్కపోతే చీమలూ కంపూ. అడుగు రెండు మూలలూ కత్తిరిస్తే అవే కన్నాలు. పొడుగ్గా ఉంటుంది కాబట్టి స్పాంజి లెక్క ప్రకారం అడుగు తడి ఇబ్బంది తక్కువ, ఆనప వేరు తిన్నగా కిందకి దిగుతుంది. నాటే రోజు గోతిలో పెట్టి పక్కన బ్లేడుతో నిలువునా ఒక్క గీత, పేకెట్ లాగీస్తే మట్టి ముద్ద కదలదు. పోయిన జూన్‌లో మృగశిర కార్తె వచ్చేక పన్నెండు పేకెట్లలో ఆనప, బీర పెట్టేను, పదకొండు పట్టేయి, పన్నెండోది పిల్లి తన్నీసింది.

ఇబ్బందులు లేవని కాదు. ఒక్కటీ తన కాళ్ళ మీద తను నిలబడదు, అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలోనో పాత బకెట్లోనో ఇరికించాలి. తెల్లటి కవరు కదా, లోపలికి వెలుతురు పోయి గోడకి పాకుడు పడుతుంది. పాదులకి పదిహేను రోజులే కాబట్టి పర్లేదు, నలభై రోజుల మిరపకైతే నల్ల నర్సరీ కవర్లే మేలు. బొప్పాయి, మునగ, కరివేపాకు లాంటివి పెంచుకునేవాళ్ళు కూడా నల్ల కవరే తీసుకోండి, వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, మీ వీధి చివర నర్సరీ వాడికి నాకంటే బాగా తెలుసు.

పెరుగు డబ్బాలు, నీళ్ళ సీసాలు. పెరుగు డబ్బా గట్టిగా ఉంటుంది, కాల్చిన మేకుతో కన్నం పడుతుంది, కడిగి ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. 400 గ్రాములది వంగకీ మిరపకీ చక్కగా సరిపోతుంది. సీసాని సగానికి కోసి వాడితే ఇంకా లోతు వస్తుంది గానీ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి చుట్టూ పాత కేలెండర్ కాగితమో గుడ్డో చుట్టాలి. మా ఆయన అడుగుతారు, మనింట్లో చెత్త ఏది, మొక్క ఏది అని. నిజమే, చూడ్డానికి మేడ గుజిరీ కొట్టులా ఉంటుంది, అందం కావాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలీయొచ్చు.

కొబ్బరి చిప్పలు. మాది కొబ్బరి తోటల ఉద్దానం కాదు గానీ మా తోడికోడలి పుట్టిల్లు కవిటి వైపు, అక్కడ కొబ్బరికాయకి లోటుండదు, వచ్చినప్పుడల్లా ఒక బస్తా వస్తుంది. కాయ పగలగొడితే రెండు చిప్పలు కదా, కన్నాలెలా పెట్టాలా అని నేను మేకూ సుత్తీ పట్టుకుని రెండు చిప్పలు బద్దలు చేసీసేక అత్తగారు కేకేసి "కళ్ళున్నది తీసుకోవే" అన్నారు. కాయకి మూడు కళ్ళుంటాయి, అందులో రెండు గట్టివి, ఒక్కటే మెత్తది, మొలకొచ్చేటప్పుడు బయటికొచ్చేది అందులోంచే. ఆ మెత్తటి కంట్లో మేకు పెట్టి చేత్తో తిప్పితే చాలు, సుత్తి అక్కర్లేకుండా గుండ్రటి కన్నం, అదీ అడుగు వైపే. కళ్ళు లేని చిప్పకి మాత్రం డ్రిల్లింగ్ మిషను కావాలి, లేదంటే నీళ్ళు నిలిచి నారు కుళ్ళడం ఖాయం.

చిప్ప వాలకం అందంగా ఉంటుంది, బరువుంటుంది, గాలికి పోదు, ఎండకి కరగదు. దోషం ఒకటే, గిన్నెలా వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. వేరు పక్కలకి తిరుగుతుంది. చిప్పతో సహా నాటుకోవచ్చు అని ఎవరైనా చెప్తే వినకండి, టెంక మట్టిలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. నేను దీన్ని ఒకేసారి జల్లీసే నారుకి వాడతాను, ఒక చిప్పలో ఓ ఇరవై బంతి గింజలు జల్లి, రెండు ఆకులు వచ్చేక పీకి వేరే డబ్బాల్లోకి మార్చడం. మిరప కూడా ఇలా మొలిపించి మార్చుకోవచ్చు, గింజకో డబ్బా పెట్టి పది రోజులు ఖాళీ మట్టికి నీళ్ళు పోసే బాధ తప్పుతుంది.

అడ్డాకు డొప్పలు. ఇది మన వైపు వాళ్ళకే ఉన్న సుఖం. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి అడ్డాకు విస్తర్లూ డొప్పలూ వస్తాయి కదా, ప్రసాదం పెట్టే డొప్పలు. కార్తీక మాసంలో వనభోజనాలకి తెచ్చినవి మిగిలితే దాచి, మట్టి నింపి కాకర గింజలు పెట్టేను, గింజ రాత్రంతా నానబెట్టి మరీ. కన్నం అక్కర్లేదు, కుట్టిన పుల్లల సందుల్లోంచే నీళ్ళు పోతాయి. పన్నెండో రోజుకి డొప్ప అడుగు మెత్తబడి వేరు పొడుచుకొచ్చింది, డొప్పతో సహా గోతిలో పెట్టీసేను, వేరు కదిలిందే లేదు. టీ కప్పు లాంటి పొర ఏమీ లేదు, ఉత్త ఆకు. వెనకాల ప్లాస్టిక్ షీటు అంటించిన డొప్పలు కూడా మార్కెట్లో ఉన్నాయి, అవి వద్దు, ఆకుకి ఆకే ఉన్నవి చూసి తీసుకోండి. పదిహేను రోజులు దాటితే మాత్రం చేత్తో ఎత్తలేం, కాబట్టి పాదులకి తప్ప ఇంక దేనికీ కాదు. ఒక పళ్ళెంలో పక్కపక్కనే సర్దుకుంటే ఒకదానికొకటి ఆసరా.

గుడ్డు డొల్లల గురించి మొదట్లోనే చెప్పేను, అర డొల్లలో పట్టేది పాతిక ముప్పై మిల్లీలీటర్లు, కాల్షియం మొక్కకి వెళ్తుందంటారు గానీ డొల్ల మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, నారు వయసులో అందదు. పిల్లలు సెలవుల్లో సరదా పడితే పెట్టనీండి. గుడ్ల అట్ట ట్రే దానికంటే అన్యాయం, తడి తగిలిన నాలుగో రోజుకి గుజ్జు.

మట్టి కుండీలూ చాయ్ కప్పులూ చల్లగా ఉంటాయి, వేరుకి మంచివే. గోడలోంచి కూడా తడి ఆరిపోతుంది కాబట్టి వానాకాలం నారుకి దీన్ని మించింది లేదు, ఎండాకాలం మన మేడ మీద దీన్ని మించిన శత్రువూ లేదు.

థర్మాకోల్ పెట్టె. చేపల మార్కెట్లో ఐసు పెట్టెలు చూస్తారు కదా, విరిగినవి అడిగితే ఊరికే ఇస్తారు, మాకు అలాగే ఒకటి వచ్చింది. రెండు రోజులు ఎండలో పెట్టి, బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో కడిగినా పిల్లులు వారం దాకా వదల్లేదు, అదొక్కటే గొడవ. అడుగున పది కన్నాలు పొడిచి ఓ జానెడు మట్టి పోస్తే మేడ మీద నారుమడి తయారైనట్టే. గచ్చు వేడి లోపలికి రానివ్వదు, మట్టి ఎక్కువ కాబట్టి రెండో రోజుకి కూడా తడి ఉంటుంది. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి, పగలు నీళ్ళు పోసే దిక్కు లేనివాళ్ళకి, నన్నడిగితే ప్రోట్రే కంటే ఇదే పది రెట్లు నయం. గింజలు గుప్పెడు జల్లకండి, రెండంగుళాల ఎడంగా వరసలు గీసి, వరసలో అంగుళానికో గింజ. పీకేటప్పుడు కొన్ని వేళ్ళు తెగుతాయి, సాయంత్రం పూట నాటి రెండ్రోజులు నీడ పట్టీండి, టమాటా వంగ మిరప తేరుకుంటాయి. పాదులు మాత్రం ఇందులో పెట్టకండి, అవి క్షమించవు.

బరువు గురించి ఒక ముక్క చెప్పాలి, మన జిల్లాలకి ఇది తప్పదు. అక్టోబర్లో శీతాకాలం నారు పోసుకునే టైమూ తుఫాన్ల టైమూ ఒకటే. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున, ఒకటి విశాఖ దగ్గర ఒకటి పలాస వైపు. ఉద్దానంలో కొబ్బరి చెట్లే పడిపోయిన గాలికి మన పేపర్ కప్పులు ఆగుతాయా. కాబట్టి ఆ నెలలో చిన్న డబ్బాలైతే అన్నీ ఒకే ట్రేలోనో బేసిన్లోనో సర్దుకుని ఉంచుకోండి, వార్త వినగానే రెండు ట్రిప్పుల్లో వంటింట్లోకి వచ్చీసేలా. జల్లిన గింజ అయితే ముసురుకి ఇంకా మొలవకుండానే కుళ్ళుతుంది, అలాంటప్పుడు నాలుగు రోజులు ఆగి పోసుకోడమే.

లోపల వేసే మట్టి గురించి పెద్దగా చెప్పను, అది వేరే కథ. చిన్న గుంతల ట్రేకి తోట మట్టి పనికిరాదు, గట్టిపడి ఇటికైపోతుంది, కొబ్బరి పొట్టు కావాలి. 98 గుంతల ట్రేకి తడి పొట్టు కిలో పావు దాకా పడుతుంది. ఇటికలా వచ్చే పొట్టు నానబెట్టేక ఆ ఎర్ర నీళ్ళు రెండు మూడు సార్లు పారబోయండి, ఉప్పుంటుంది. పొట్టులో తిండి ఉండదు, వానపాముల ఎరువు మూడో వంతు కలపకపోతే రెండు వారాలకి నారు పాలిపోతుంది. పెద్ద డబ్బాలకీ థర్మాకోల్ పెట్టెకీ అయితే ఎర్రమట్టి, బాగా మాగిన గత్తం (పశువుల పేడ ఎరువు), కాస్త ఏటి ఇసుక సమానంగా. పచ్చి గత్తం వేసేరో చీమలూ పురుగులూ కుళ్ళూ అన్నీ కలిసొస్తాయి. కిందటి సారి నారుకుళ్ళు వచ్చిన డబ్బాలు కడక్కుండా మళ్ళీ వాడకండి, బ్లీచింగ్ నీళ్ళలో అరగంట నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పెట్టండి. కాగితంవైతే కడగడం ఏముంది, పారేయడమే.

మరి ఏది తీసుకోవాలి అని తిన్నగా అడిగితే, ఇంట్లో పగలు మనిషి ఉండి, నాలుగు రకాల కూరగాయల నారు పోసుకోవాలంటే ప్రోట్రే కోసుకుని వాడుకోండి, డబ్బు దండగ కాదు. పగలు ఎవరూ లేకపోతే థర్మాకోల్ పెట్టె, దానికి తోడు మిరపకి పెరుగు డబ్బాలు. పాదులకి ఏ ఇంట్లోనైనా సరే పాల పేకెట్టో అడ్డాకు డొప్పో, రెండూ ఊరికే వచ్చేవే. నాలుగు టమాటా మొక్కలు చాలు అనుకునేవాళ్ళు ఈ గొడవంతా మానీసి రైతు బజార్ దగ్గరో నర్సరీలోనో పెరిగిన నారే కొనుక్కోవచ్చు, నామోషీ ఏం లేదు, నేనూ ఎండలో చంపుకున్న ఏడు కొనుక్కున్నాను.

ఏది వాడినా పేరు రాసుకోండి. పాత ఐస్‌క్రీం పుల్ల మీద పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో రాస్తే రెండు నీళ్ళకి కొట్టుకుపోతుంది. ఈ ఏడు నేను స్కెచ్ పెన్నుతో రాసేను, ఇప్పుడు మేడ మీద ఆరు పెరుగు డబ్బాలున్నాయి, మూడు వంగ, మూడు మిరప అని మాత్రం గుర్తుంది. వంగ ఆకు తెలుస్తుంది కాబట్టి సరే, మిరపలో ఏది బజ్జీ మిరప, ఏది సన్న మిరప అన్నది కాయ కాసేకే చూడాలి. అత్తగారు మాత్రం ఆకు వాసన చూసి చెప్తానంటున్నారు, రేపు ఆదివారం డబ్బాలు కిందికి దింపి చూపించాలి.